గుమ్మం వెడల్పైతే తలుపులు కలవవు

ఆరో నెల గర్భిణి ఒకావిడ అడిగారు, "పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బుతున్నాయండీ, సాయంత్రానికి కాళ్ళు బరువెక్కి లాగేస్తున్నాయి, చెడు రక్తం చేరిందంటున్నారు, బిడ్డకి ఏమన్నా అవుతుందా" అని. ఈ ఉబ్బు వల్ల బిడ్డకి ఏమీ కాదమ్మా, ముందు ఆ భయం తీసేయండి. అసలు అవి నరాలు కావు, రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్ళే సిరలు. మనం రెంటినీ నరాలే అనేస్తాం కదా, అందుకే వేరికోస్ వీన్స్ (ఇలా ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు) అనగానే నరాల బలహీనత అనుకుని బలానికి టానిక్కులు వెతుకుతారు. ఇక చెడు రక్తం అనే మాట క్లాసులో మనకి నేర్పిందే, నాకు చాలా బాధ అనిపించే మాట అది. ఆక్సిజన్ తగ్గింది అంతే, ఊపిరితిత్తుల దాకా వెళ్ళొస్తే మళ్ళీ అదే రక్తం.

మరి అంత కిందనున్న రక్తం పైకి ఎలా ఎక్కుతోంది? గుండె నుంచి చీలమండకి 120 సెంటీమీటర్లు అనుకోండి, అంత ఎత్తు రక్తం బరువు పాదరసం లెక్కలో సుమారు 90 మిల్లీమీటర్లు. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఉండే ఒత్తిడి దాదాపు అంతే. నడక మొదలుపెట్టండి, పది పన్నెండు అడుగుల్లో అది 30 దగ్గరికి పడిపోతుంది! పిక్క కండరం బిగిసినప్పుడల్లా లోపలి సిరని పిండి రక్తాన్ని పైకి తోస్తుంది, వదులైనప్పుడు అది వెనక్కి జారకుండా సిరలోని కవాటాలు మూసుకుంటాయి. ఈ కవాటాల మీద ఇటలీ శరీర శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ 1603లో పుస్తకమే వేశాడు గానీ, రక్తం కాళ్ళలోకి ఒక్కసారిగా పడకుండా ఆపడానికి అనుకున్నాడు, అవి గుండె వైపుకే తెరుచుకుంటాయని 1628లో తేల్చింది ఆయన శిష్యుడు, ఇంగ్లండు వైద్యుడు హార్వే.

ఒక్కో కవాటం రెండు రెక్కల తలుపు. గర్భంతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ సిర గోడల్ని వదులు చేస్తుంది, రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, పెరిగే గర్భసంచి పొత్తికడుపులో పెద్ద సిరల్ని నొక్కుతుంది. దాంతో గుమ్మం, అంటే సిర, వెడల్పవుతుంది, రెక్కలు మాత్రం పాత కొలతవే, మధ్యలో సందు. ఆ సందులోంచి జారిన రక్తం బరువు కింది గుమ్మం మీద పడి దాన్నీ సాగదీస్తుంది, అది దాని కిందిదాన్ని, ఇలా వరసగా దిగుతుంది.

ఇది అర్థమైతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కంప్రెషన్ స్టాకింగ్స్ (కాలిని బిగించి పట్టే మేజోళ్ళు) చేసేది గుమ్మాన్ని బయటనుంచి నొక్కి ఇరుకు చెయ్యడమే, అందుకే అవి చీలమండ దగ్గర బాగా బిగుతుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉంటాయి, అందుకే పొద్దున మంచం దిగకముందే, సిరలు ఇంకా నిండకముందే వేసుకోవాలి (సైజు, బిగుతు డాక్టర్ని అడిగి). కాళ్ళు గుండె కంటే ఎత్తులో పెడితే ఆ 120 సెంటీమీటర్లే ఉండవు. కూర్చునే పనైతే మడమలు ఎత్తి దించుతూ ఉండండి, పిక్క పనిచేస్తుంది. పడుకుంటే ఎడమ పక్కకి, ఎందుకంటే కాళ్ళ రక్తమంతా మోసే పెద్ద సిర వెన్నెముకకి కుడి పక్కన ఉంటుంది, గర్భసంచి బరువు దాని మీద పడదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. ఒకే కాలు వాచి, నొప్పి, వేడి, ఎరుపు ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, దాన్ని మర్దనా చెయ్యకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అది ఎమర్జెన్సీ. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే పడుకుని కాలు పైకెత్తి గట్టిగా నొక్కి పట్టుకుని సాయం పిలవండి.

కాన్పు అయ్యాక కొన్ని నెలల్లో గుమ్మాలు చాలావరకు మళ్ళీ ఇరుకవుతాయి. ఉబ్బిన సిరల్ని మూసేసే లేజర్లూ ఇంజెక్షన్లూ ఇప్పుడు కాదు, అప్పటికీ తగ్గనివాటికే.