ఈఆర్‌సీపీ గొడవ: లివర్ రోగికి ముప్పు ఎక్కువని ఎప్పుడు తేలింది?

హనుమకొండలో ఓ ప్రైవేటు ఆస్పత్రి ముందు మళ్లీ టెంటు పడింది. లివర్ జబ్బున్న మనిషికి ఈఆర్‌సీపీ (నోట్లోంచి గొట్టం దింపి పిత్తనాళానికి చేసే చికిత్స) చేసి నాళంలో రాయి తీశారు. మూడో రోజు రక్తస్రావమైంది, మనిషి దక్కలేదు. ‘ఇది తెలిసిన ముప్పే, సంతకం కూడా తీసుకున్నాం’ అంటోంది ఆస్పత్రి. సరే, ఎప్పటి నుంచి తెలుసు?

నోట్లోంచి గొట్టం దింపి, చిన్నపేగులో పిత్తనాళం తెరుచుకునే చోట కోత పెట్టడం 1974 నుంచే ఉంది. ఇప్పటి గొడవకు మూలం మాత్రం 1996లో ఉంది. ఆ ఏడాది అమెరికా డాక్టర్ మార్టిన్ ఫ్రీమన్ బృందం ఈ కోత పడిన 2,347 మంది లెక్క తీసి అచ్చేసింది. 9.8 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. 5.4 శాతం మందికి క్లోమం వాచింది, 2 శాతం మందికి రక్తం పోయింది. ముప్పు పెంచే కారణాలు అయిదు తేలాయి. మూడు ఈ పని చేసే పద్ధతికి సంబంధించినవి. రోగి వైపు నుంచి ఉన్న రెంటిలో ఒకటి సిరోసిస్, అంటే లివర్ గట్టిపడటం. అప్పటిదాకా అనుభవం మీద చెప్పుకునే మాట ఆ రోజు నుంచి అంకెల్లోకి ఎక్కింది.

బంధువులు చెప్పేది వినాలి. ‘చిన్న గొట్టమే, పైన కుట్లు కూడా ఉండవు, రేపు ఇంటికి పోవచ్చు’ అన్నారట. మర్నాడే భూపాలపల్లి వైపు ఊరికి తీసుకుపోయారు. మలం తారులా నల్లగా పోతుంటే, అది లోపల రక్తం పోతున్న గుర్తని తెలియక, పథ్యం తేడా అనుకున్నారు. కోత దగ్గర రక్తం కొన్ని రోజులు ఆగి కూడా పోవచ్చని ఎవరూ చెప్పలేదంటున్నారు. కొడుకు చూపించిన కాగితాలు నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషే. అచ్చులో ఉన్న ముప్పుల వరుస ఎవరికైనా అదే. ఈయన లివర్ సంగతి అందులో ఎక్కడా రాసి లేదు.

మనకు కామెర్లంటే ఒకటే జబ్బు. పసరు మందు దగ్గర్నుంచి ఆస్పత్రి దాకా అదే పేరు. నిజానికి లివర్ చెడినా కళ్లు పచ్చబడతాయి, నాళంలో రాయి అడ్డుపడినా పచ్చబడతాయి. ఒంట్లోకి గొట్టం దింపకుండానే ఆ తేడా చూపించే ఎంఆర్‌సీపీ స్కాన్ 1990ల్లోనే వచ్చింది. కాబట్టి జబ్బేమిటో తెలుసుకోవడానికే ఈఆర్‌సీపీ చేయాల్సిన పని చాలా వరకు తప్పింది. ఇక్కడ ముందు ఆ స్కాన్ తీశారా అన్నదానికి ఆస్పత్రి ఇంకా జవాబివ్వలేదు.

డాక్టర్ల వైపూ ఓ న్యాయం ఉంది. నాళంలో చీము పట్టి చలిజ్వరం వస్తుంటే ఆగడం కూడా ప్రాణాంతకమే. అలాంటప్పుడు కోత లేకుండా స్టెంట్ (నాళం మూసుకోకుండా పెట్టే చిన్న గొట్టం) మాత్రం వేసి, మనిషి కుదురుకున్నాక రాయి సంగతి చూడొచ్చు. ఈఆర్‌సీపీ తర్వాత క్లోమం వాచే ముప్పు తగ్గించడానికి ఇండోమెథాసిన్ మందు పనిచేస్తుందని 2012లో తేలినా, పొట్టలో నీరు చేరిన లివర్ రోగికి ఇవ్వాలంటే కిడ్నీల భయం. రక్తం గడ్డకట్టే పరీక్ష, ప్లేట్‌లెట్లు, ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్), పొట్టలో నీరు చూస్తే ఈ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో ముందే అంచనాకు వస్తుంది. ఆ రిపోర్టుల కాపీలే కుటుంబం అడుగుతోంది. ఇంకా చేతికి రాలేదు.