శివారు పొలానికి వంతు

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నవ్వకండి. మా రోజుల్లో ఉత్తరాలు ఇలాగే మొదలయ్యేవి. ఇక్కడ మేము, అక్కడ మీరు క్షేమం అనుకున్నాక ఇక అసలు సంగతి అని దాని అర్థం. చాలామంది ఆ ముక్క అలవాటుగా గీకేసి కింది వరుసకు వెళ్ళిపోయేవాళ్ళు. నేను మాత్రం అక్కడే ఆగుతాను. మీరిద్దరూ కుశలమే. మీ నాన్నగారు కుశలమే. మరి మీ అమ్మ?

పోయిన నెల మీ ఇంటికి వచ్చి పది రోజులు ఉన్నాను కదా. ముప్పై ఒక్క ఏళ్ళు కోనసీమ ఊళ్ళల్లో ఏఎన్‌ఎంగా, అంటే ఊరి నర్సమ్మగా, ఇల్లిల్లూ తిరిగిన కళ్ళు ఊరికే ఉండవు. పాల ప్యాకెట్ల కోసం కిందికి వెళ్ళిన మీ అమ్మ మెట్లెక్కి వస్తూ రెండో అంతస్తు మలుపులో కడ్డీ పట్టుకుని ఆగింది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఫోను మోగలేదు, నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. బియ్యం కడగబోతూ గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకుంది. చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఆ పని చేయనిచ్చేది కాదు, పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందట. పెళ్ళి సంగతి ఎలా ఉన్నా, పెద్దవాళ్ళు అదే పనిగా బియ్యమో, బలపాలో, మట్టో నములుతున్నారంటే ఒంట్లో ఇనుము తగ్గిందేమో చూడాలి. కింది రెప్ప లాగి చూడబోతే, "నీకు ఇంకా డ్యూటీ అయిపోలేదా అమ్మా" అని నా చేయి తోసేసింది. "బాగానే ఉన్నాను, కాస్త నీరసం, అంతే" అంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కువగా విన్న మాట అదే. ఏ గుమ్మం ఎక్కినా ఇల్లాలు, "నాకేమండీ, మా అత్తగారిని చూడండి" అనేది. అందుకే ఈసారి మీ అమ్మను అడగడం మానేసి మీకు రాస్తున్నాను.

ముందు కాలువల సంగతి చెప్తాను. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయిందని మీ పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో లేనిది శివారు. ఆనకట్ట దగ్గర ఆగిన గోదావరి పెద్ద కాలువల్లోకి, వాటిలోంచి పిల్ల కాలువల్లోకి, అక్కడి నుంచి పంట బోదెల్లోకి పారుతుంది. తూము పక్కనున్న పొలానికి ఎప్పుడూ లోటు లేదు. కాలువ చివర, సముద్రం వైపు ఉన్నవి శివారు పొలాలు. సార్వాలో, అంటే వానాకాలం పంటకు, వానలుంటాయి కాబట్టి గడిచిపోతుంది. దాళ్వాలో, అంటే తరువాత వేసే రెండో పంటకు, నీరు తగ్గిందంటే ముందు నెర్రెలిచ్చేది శివారే. ఎగువ రైతులు చెడ్డవాళ్ళేమీ కారు. నీరు ముందు వాళ్ళ దగ్గరికి వచ్చింది, పెట్టుకున్నారు. చివరికి చేరేసరికి బోదెలో బురదే మిగిలింది. అందుకే నీరు చాలని ఏడాది వంతులు కడతారు. ఇన్ని రోజులు పైవాళ్ళు, ఇన్ని రోజులు కిందివాళ్ళు.

ఇప్పుడు మీ వంటింటికి రండి. ఆ ఆదివారం చేపల పులుసు. ముందు మీ తాతగారికి, నాన్నగారికి, నాకు వడ్డించింది. తరువాత మీ ఇద్దరికి. "ఇంకో ముక్క" అన్నది ఎవరో నేను చెప్పను, వాడికి తెలుసు. ఆ ముక్క కూడా వేసింది. పక్క వాటా వాళ్ళబ్బాయి వస్తే వాడినీ కూర్చోబెట్టింది. మన గోదావరి జిల్లాల్లో గడప తొక్కిన మనిషిని భోజనం చేయకుండా పంపం కదా! అందరూ లేచాక మూకుడు ముందుకు లాక్కుని, అడుగున అంటుకున్న పులుసులో ఇంత అన్నం వేసి, అంచుల చుట్టూ వేళ్ళతో తుడిచి కలుపుకుని, నిలబడే తినేసింది. "మూకుడు అన్నం రుచి నీకు తెలియనిదా అమ్మా" అంది.

రుచి నాకు తెలుసు. అందులో చేప ముక్క ఉండదని కూడా తెలుసు. (ఇనుప మూకుడులో పుల్లటి కూర వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, ఆ మాట నిజమే. మీ ఇంట్లో ఉన్నది నాన్‌స్టిక్.)

ఇనుము ఎందుకంటారా? మన రక్తంలో ఎర్రకణాలు పడవల లాంటివి. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును ఎక్కించుకుని ఒళ్ళంతా దింపి వస్తాయి. ఆ పడవలో సరుకు నిలిచే చోటు పేరు హిమోగ్లోబిన్. దాన్ని కట్టడానికి ఇనుము కావాలి, పడవకు మేకుల్లాగా. ఒక్కో పడవ సుమారు 120 రోజులు తిరిగి పాతబడుతుంది. అప్పుడు ఒళ్ళు దాన్ని విప్పి, మేకులు పారేయకుండా కొత్త పడవకు వాడుకుంటుంది. అంత పొదుపు! కానీ ఆడవాళ్ళకు నెలనెలా కొంత రక్తం బయటికి పోతుంది, దానితో మేకులు కూడా పోతాయి. పురుళ్ళలో ఇంకా పోతాయి. (ఒరే మనవడా, ఇక్కడ పేజీ తిప్పేయకు. ఇది సిగ్గుపడే విషయం కాదు, నువ్వు పుట్టిన విషయం.) పోయిన మేకులు తిండిలోంచే రావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్ళకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడవాళ్ళకు 29. ఎక్కువ కావలసిన మనిషి చివర తింటోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. నా రిజిస్టర్లలోని గళ్ళు తలుచుకుంటే ఆ లెక్క చూసి నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇంత తెలిసిన నేను ఏం చేశానో కూడా వినండి. నాకు అప్పుడు నలభై మూడేళ్ళు. సంచి నిండా ఐరన్ మాత్రలతో కాలువ గట్టున వెళ్తున్నాను. రేవు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు చీకట్లు కమ్మి మెట్ల మీద కూలబడ్డాను. బట్టలు ఉతుక్కుంటున్న ఒకావిడ పరుగున వచ్చి నీళ్ళు చల్లింది. రక్తం తక్కువగా ఉంది, మాత్రలు ఎందుకు మింగడం లేదని పదిహేను రోజుల కిందట నేను మందలించి వచ్చిన మనిషే. తడి చేత్తో నా కింది రెప్ప లాగి చూసింది. ఆ చూడడం ఆమెకు నేర్పింది నేనే. "మీకూ నాలాగే తెల్లగా ఉందండీ నర్సమ్మగారూ" అంది. తరువాత చూపించుకుంటే హిమోగ్లోబిన్ 8.2. ఆడవాళ్ళకు 12కు తగ్గకూడదు. ఊరందరికీ మాత్రలు పంచాను, సంచిలో చేయి పెట్టి ఒకటి నా నోట్లో వేసుకోవాలని తోచలేదు. తీరికే లేదనుకునేదాన్ని.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఒక చిన్న స్టీలు గిన్నె వచ్చింది. వడ్డన మొదలుకాక ముందే పదకొండేళ్ళ పిల్ల కూర ముక్కలు, పప్పు అందులోకి తీసి, పైన పళ్ళెం బోర్లించేది. ఎవరైనా పళ్ళెం ఎత్తబోతే, "అది అమ్మ వంతు" అని గదమాయించేది. మీ తాతగారిని కూడా! ఆ పిల్ల ఎవరనుకున్నారు? ఇప్పుడు మీ ఇంట్లో మూకుడు తుడుచుకుని తింటున్న మీ అమ్మే. అప్పుడు గిన్నె పక్కన పెట్టిన పిల్లకు ఇప్పుడు గిన్నె పెట్టేవాళ్ళు లేరు. తన వంతు తానే తీసుకోవచ్చు కదా అంటారేమో. శివారు రైతు వెళ్ళి పై తూము దించలేడు నాయనా, పైనున్న వాళ్ళే దించాలి.

కాబట్టి రేపటి నుంచి గిన్నె మీ పని. రోజు విడిచి రోజు ఒకరు. అందరూ కలిసి కూర్చుని తింటే మరీ మంచిది. మీ ఇంట్లో ఒకరు వచ్చేది ఎనిమిదికి, ఒకరు పదికి. అంతవరకు గిన్నె ఉండాల్సిందే. చేప అయినా, మాంసం అయినా, వాటిలో ఉన్న ఇనుము ఒంటికి తేలికగా పడుతుంది. అవి పక్కన ఉంటే ఆకుకూరల్లో ఉన్నది కూడా మరికొంత పడుతుంది. తినని రోజున తోటకూర, మునగాకు, శనగలు, పెసలు. వీటి ఇనుము కాస్త మొండిది, పులుపుతో గాని లొంగదు. అందుకని తోటకూర పప్పు దించాక, కంచంలో వేసుకున్నాక నిమ్మకాయ పిండాలి. పొయ్యి మీద ఉండగా పిండితే అందులోని సి విటమిన్ వేడికి చాలావరకు పోతుంది. భోజనమయ్యాక జామకాయ తిన్నా మంచిదే, మన దొడ్లో కాయలు రాలిపోతున్నాయి, మీ మామయ్యతో పంపుతాను.

బీట్‌రూట్ తాగితే రక్తం పడుతుందని మీ పక్క వాటా ఆవిడ చెప్పింది. రంగు చూసి అలా అనుకుంటారు. ఎర్రగా ఉన్నంత మాత్రాన ఇనుము ఉండదు, అందులో ఉన్నది తక్కువే. ఇష్టమైతే తాగమనండి, అది మందు అనుకోవద్దు.

ఇక టీ. మీ అమ్మ చేత టీ మాన్పించడం నా వల్ల కాదు, మీ వల్ల అసలే కాదు. మాన్పించక్కరలేదు, జరిపితే చాలు. ఇడ్లీ తిన్న చేత్తోనే గ్లాసు అందుకుంటుంది చూశారా, అదే తప్పు. టీలో వగరు ఉంది కదా, ఆ వగరు తిండిలోని ఇనుమును కడుపులోనే పట్టేసి ఒంటికి చేరనివ్వదు. కాఫీ కూడా అంతే. తిన్న తరువాత గంట ఆగితే ఆ ఇబ్బంది ఉండదు. ఆఫీసులో పదకొండింటికి తాగితే సరిపోతుంది. ఉదయం ఫ్లాస్కులో పోసి సంచిలో పెట్టండి, ఎదురుగా ఉంటే ఆగలేదు.

మంచినీళ్ళ సీసా కూడా చూడండి. నిండుగా వెళ్ళి నిండుగా తిరిగి వస్తోంది. మా వైపు నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు, రొయ్యలు వలిచే షెడ్లలో పనిచేసేవాళ్ళు నీళ్ళు తాగరు. తాగితే వెళ్ళడానికి చోటు లేదని. సాయంత్రానికి మూత్రంలో మంట అని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. మీ అమ్మ ఆఫీసులో చోటు ఉంది, లేచే తీరిక లేదంటుంది. ఈ విషయం మీ నాన్నగారికి వదిలేస్తున్నాను, నేను ఫోనులో చెప్తాను.

ఇన్ని చెప్పినా నేను చూసింది కంటితోనే. నీరసాలన్నీ రక్తం తక్కువై రావు. థైరాయిడ్ ఉన్నా, షుగర్ ఉన్నా, నిద్ర లేకపోయినా మనిషి అలాగే వాడిపోతుంది. అందుకని పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వేలి మీద ఒక్క సూది గుచ్చి హిమోగ్లోబిన్ చూసి చెప్పేస్తారు, డబ్బు తీసుకోరు. వచ్చే శనివారం మీ ఇద్దరికీ సెలవు. చెరో చేయి పట్టుకుని తీసుకెళ్ళండి. బడిలో వారానికొకసారి మీకు ఇచ్చే నీలం మాత్ర ఉంది చూశారా, అది కూడా ఐరనే. "నేను వేసుకుంటున్నాను కదా, నువ్వు రా" అనండి. మాట కాదనలేదు.

డాక్టరు మాత్రలు రాస్తే రెండు మూడు రోజుల్లో మీ అమ్మ మీకు ఫిర్యాదు చేస్తుంది. కడుపులో వికారమనో, విరేచనం నల్లగా వచ్చిందనో. నలుపుకు భయపడక్కరలేదు, మిగిలిన ఇనుము అలా పోతుంది. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. పాలతో, టీతో మాత్రం వద్దు, నిమ్మకాయ నీళ్ళతో మంచిది. కాల్షియం మాత్ర కూడా ఉంటే అది ఒక పూట, ఇది ఒక పూట. నెల తిరిగేసరికి హుషారు వస్తుంది. అక్కడే అందరూ మానేస్తారు, నా రిజిస్టరులో సగం పేర్లు అలా ఆగినవే. పడవలు తిరగడం మొదలైంది గాని కొట్లో మేకుల నిల్వ ఇంకా పడలేదు. హిమోగ్లోబిన్ సరైన లెక్కకు వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు వేసుకోవాల్సిందే. వంటింటి క్యాలెండరులో వేసుకున్న రోజుకు సున్నా చుట్టండి. మనవరాలా, ఆ పని నీది, నువ్వు ఎవరినీ వదలవు.

ఇంకొక్క మాట, ఇది సరదాకు చెప్పేది కాదు. ఆ మాత్రలు రంగురంగులుగా బిళ్ళల్లా ఉంటాయి. పక్క వాటా వాళ్ళ బుడ్డోడు మీ ఇంట్లోనే ఆడుకుంటాడు. పెద్దవాళ్ళకు మందైనది చిన్న పిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఫ్రిజ్ మీద పెట్టకండి, వాడు కుర్చీ ఎక్కుతాడు. బీరువాలో పెట్టి తాళం వేయండి. శనివారం ఎంత వచ్చిందో అంకె మాత్రం నాకు ఫోనులో చెప్పండి.

ఇట్లు
మీ అమ్మమ్మ