సున్నకు నాలుగు నోడ్లు చాలు

హైదరాబాద్‌లో ఏ గల్లీ మలుపులో చూసినా ఒక రేడియం స్టిక్కర్ షాపు ఉంటుంది. బైకు ట్యాంకు మీద ఇంటిపేరు, ఆటో వెనకద్దం మీద ‘అమ్మానాన్నల దీవెన’, క్లినిక్ గాజు తలుపు మీద పనివేళలు, అన్నీ అక్కడ కోసి అతికించేవే. లోపల ప్రింటర్‌లా కనిపించే యంత్రం ఒకటి ఉంటుంది కానీ అందులో ఇంకు ఉండదు. ఇంకు ఉండాల్సిన చోట సన్నటి బ్లేడు ఉంటుంది. దాన్ని ప్లాటర్ అంటారు. ఫోన్లో తీసిన ఫొటో ఇచ్చి కోయమంటే ప్లాటర్ కోయలేదు, ఎందుకంటే ఫొటోలో రంగు చుక్కలు ఉంటాయి తప్ప దారి ఉండదు. బ్లేడు ఎక్కడ దిగాలి, ఎటు వంపు తిరగాలి, ఎక్కడ పైకి లేవాలి అన్నది తెలిస్తేనే అది కదులుతుంది. అలా దారి రూపంలో చెప్పిన బొమ్మే వెక్టర్ బొమ్మ.

వాట్సాప్‌లో వచ్చిన లోగోను ఫ్లెక్సీ షాపుకి పంపితే ‘అన్నా, ఇది బ్లర్ అయితది, ఒరిజినల్ ఫైల్ ఉంటే పంపు’ అంటారు. కారణం చిన్న లెక్క. 1080 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను 10 అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే ఒక్కో పిక్సెల్ దాదాపు 2.8 మిల్లీమీటర్ల గడి అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ గళ్లను కలిపి నునుపు చేయబోతుంది, అంచులు మసకబారతాయి. అదే లోగోలోని వృత్తాన్ని వెక్టర్‌లో దాచుకుంటే కేంద్రం ఎక్కడ, వ్యాసార్థం ఎంత, రంగు ఏది అన్న మూడు సంగతులే ఫైల్లో ఉంటాయి. విజిటింగ్ కార్డుకైనా హోర్డింగుకైనా కంప్యూటర్ ఆ వృత్తాన్ని అప్పటికప్పుడు కొత్తగా లెక్కగట్టి గీస్తుంది. పోగొట్టుకోవడానికి అందులో పిక్సెళ్లే లేవు.

వృత్తం సరే. మరి ‘ర’ అక్షరం వంపుకి, మామిడి పిందెకి, మనిషి ముక్కుకి సూత్రం ఎక్కడ తేవాలి? ఈ ప్రశ్న గట్టిగా ఎదురైనవాళ్లలో కార్ల కంపెనీలు ఉన్నాయి. కారు బాడీ వంపుల్ని డ్రాయింగ్ బోర్డు మీద చెక్క పట్టీలతో గీసి, వాటి నుంచి నమూనాలు, నమూనాల నుంచి అచ్చులు తీసేవారు. ఒక్కో కాపీకి కొంచెం కొంచెం తేడా వచ్చేది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీలో పనిచేసిన పాల్ ద కాస్టెల్జో 1959లో ఒక పద్ధతి కనిపెట్టాడు. కంపెనీ దాన్ని వ్యాపార రహస్యంగా దాచిపెట్టింది. ఆ పక్క రెనో కంపెనీలో పియర్ బెజియే అనే ఇంజనీరు 1960ల్లో వేరే దారిలో అదే వంపు దగ్గరికి చేరి, తన పనిని ప్రచురించాడు. పేరు ఆయనకి దక్కింది. ఇవాళ డిజైన్ సాఫ్ట్‌వేర్లన్నిట్లో ఉన్నది ఆ బెజియే వంపే. అయితే దాన్ని కాగితం మీద అర్థం చేసుకోవడానికి ద కాస్టెల్జో పద్ధతే తేలిక అని నా అభిప్రాయం.

గళ్ల కాగితం ఒకటి తీసుకోండి. ఎడమవైపు కింద ఒక చుక్క పెట్టి దానికి ‘క’ అని పేరు పెట్టండి. దానికి సూటిగా 8 గళ్లు పైన ‘ఖ’. ఖ నుంచి 8 గళ్లు కుడికి ‘గ’. గ నుంచి 8 గళ్లు కిందికి ‘ఘ’. క, ఖ, గ, ఘలను వరసగా కలిపితే కింది గీత లేని చదరం వస్తుంది. ఇప్పుడు ఆ మూడు గీతల మధ్య బిందువుల్ని గుర్తించండి. ఆ మూడు బిందువుల్ని కలిపితే రెండు ఏటవాలు గీతలు వస్తాయి. వాటి మధ్య బిందువులు రెండూ నేల నుంచి 6 గళ్ల ఎత్తులో ఉంటాయి. ఆ రెండింటినీ కలిపే గీతకి మళ్లీ మధ్య బిందువు పెట్టండి. అది కూడా 6 గళ్ల ఎత్తులోనే, సరిగ్గా నడుమన ఉంటుంది. మన వంపు ఈ బిందువు గుండా పోతుంది. సగం దగ్గర కాకుండా ప్రతి గీతనీ పావు దగ్గర, ముప్పావు దగ్గర, ఇంకెక్కడైనా ఒకే నిష్పత్తిలో విభజిస్తూ పోతే వంపు మీది మిగతా బిందువులూ దొరుకుతాయి. కూడికలు, సగాలు చేయగలిగిన పిల్లలు కూడా ఒక సాయంత్రం కూర్చుంటే గీయగల వంపు ఇది.

సాఫ్ట్‌వేర్‌లో వంపులు గీసే పెన్ టూల్ తీసుకున్నప్పుడు తెర మీద జరిగేది ఇదే. క, ఘలు నోడ్లు, అంటే వంపు మొదలయ్యే, ముగిసే చుక్కలు. నోడ్ నుంచి బయటికి లాగే గీత హ్యాండిల్. ఖ, గలు ఆ హ్యాండిళ్ల కొనలు. మెలికల ముగ్గులో గీత చుక్కల్ని తాకకుండా చుట్టూ తిరుగుతుంది చూడండి, ఇక్కడ అది సగమే నిజం: వంపు తన రెండు నోడ్లనీ తాకుతుంది, హ్యాండిల్ కొనల వైపు మాత్రం వంగుతుందే గానీ అక్కడిదాకా పోదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తికమకపడేది ఇక్కడే. వంపు ఎంత ఎత్తు రావాలో అంత ఎత్తుకే హ్యాండిల్ లాగుతారు, తీరా చూస్తే వంపు తక్కువ పడుతుంది. మన కాగితం మీద హ్యాండిళ్లు 8 గళ్లు లేస్తే వంపు 6 దగ్గరే ఆగింది కదా, అంటే మూడు వంతుల ఎత్తు. ఇంకో సంగతి, నోడ్ నుంచి బయల్దేరేటప్పుడు వంపు ఎప్పుడూ హ్యాండిల్ దిశలోనే బయల్దేరుతుంది. కాబట్టి హ్యాండిల్‌ని ఎటు తిప్పితే దిశ అటు, ఎంత లాగితే ఆ దిశలో అంత దూరం పట్టుదల.

మామూలుగా క్లాసుల్లో టూల్‌బాక్స్‌లో పై నుంచి కింది దాకా ఒక్కో టూల్ చూపిస్తూ పోతారు. దీర్ఘచతురస్రం, నక్షత్రం, స్పైరల్, గ్రేడియంట్, నీడ. నెల తిరిగేసరికి అన్ని టూల్స్ పేర్లూ వస్తాయి గానీ సున్న గుండ్రంగా రాదు. నన్నడిగితే మొదటి వారం మొత్తం పెన్ టూల్‌తో తెలుగు అక్షరాలే గీయించాలి. మన లిపి నిండా వంపులే, ఇంతకన్నా మంచి అభ్యాసం ఇంకెక్కడా దొరకదు.

సున్నతో మొదలుపెడదాం. కొత్తవాళ్లు సున్న చుట్టూ పది పన్నెండు చోట్ల క్లిక్ చేస్తారు. కావలసింది నాలుగు నోడ్లు: పైన, కింద, ఎడమ, కుడి. పై, కింది నోడ్లకి హ్యాండిళ్లు అడ్డంగా, పక్క నోడ్లకి నిలువుగా. హ్యాండిల్ పొడవు వ్యాసార్థంలో 0.5523 వంతు ఉండాలి, అంటే సగం కన్నా కాస్త ఎక్కువ. బెజియే వంపు నిజమైన వృత్తాన్ని పూర్తిగా గీయలేదు, దగ్గరికి మాత్రమే రాగలదు. ఆ దగ్గర ఎంతంటే, 100 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న సున్నలో అత్యధిక తేడా 0.03 మిల్లీమీటర్ల లోపే. తల వెంట్రుక మందంలో సగం కూడా లేదు. నాలుగు నోడ్లకే ఇంత వస్తుంటే పన్నెండు ఎందుకు? నోడ్ పెంచిన ప్రతిసారీ రెండు హ్యాండిళ్లు పెరుగుతాయి, అవి ఒకదానితో ఒకటి సరిగ్గా కుదరకపోతే అంచు మీద సొట్ట పడుతుంది. తెర మీద ఆ సొట్ట కనపడకపోవచ్చు. ప్లాటర్ దగ్గర దొరికిపోతుంది, ఎందుకంటే బ్లేడు కొన దాన్ని పట్టుకున్న ఇరుసుకి కొంచెం వెనకగా ఈడ్చుకుంటూ వస్తుంది. దారి దిశ మారిన ప్రతిచోటా అది గిర్రున తిరగాలి. అనవసరపు మలుపులు ఎక్కువైతే నునుపుగా కోయాల్సిన చోట రేడియం అంచు చిరుగుతుంది.

వంపు ఏదైనా సూత్రం ఒకటే. ఆకారం ఎక్కడ మరీ పైకి, మరీ కిందికి, మరీ పక్కకి పోయిందో అక్కడ నోడ్ పెట్టాలి. కోణం మారే చోట నోడ్ పెట్టాలి. మిగతా చోట్ల చెయ్యి ఆపుకోవాలి. రెండు నోడ్ల మధ్య దూరంలో మూడో వంతు దాకా హ్యాండిల్ లాగి, అక్కడి నుంచి కంటికి సరిపడేలా సర్దుకోవచ్చు.

ఈ మాట పరీక్షించుకోవడానికి చార్మినార్ ఉండనే ఉంది. 1591 నాటి కట్టడం, నాలుగు దిక్కులకి నాలుగు కమాన్లు, ఒక్కోటి సుమారు 11 మీటర్ల వెడల్పు. ఎదురుగా తీసిన ఫొటోను సాఫ్ట్‌వేర్‌లో కింది లేయర్‌లో పెట్టి, లాక్ చేసి, ఒక కమానులో ఎడమ సగం మాత్రం గీయండి. నిలువు గోడ పూర్తయి వంపు మొదలయ్యే చోట ఒక నోడ్, కొన దగ్గర ఒక నోడ్, అంతే. కింది నోడ్ హ్యాండిల్ నిట్టనిలువుగా ఉంటే గోడ గీత ఎక్కడా విరగకుండా వంపులోకి కలిసిపోతుంది. కొన దగ్గరి హ్యాండిల్‌ని ఏటవాలుగా కిందికి దించితే చార్మినార్ కమాను వాడి కొన వస్తుంది. అదే హ్యాండిల్‌ని అడ్డంగా పెడితే కొన పోయి గుండ్రటి కమాను అయిపోతుంది. ఒక్క హ్యాండిల్ తిప్పితే కట్టడం శైలే మారిపోవడం చూడటానికి భలే ఉంటుంది. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలకి ఇంకో నోడ్ కావాలి. అవి అడుగున మెడలా సన్నబడి, మధ్యలో ఉబ్బి, మళ్లీ పైకి ముడుచుకుంటాయి. ఆ ఉబ్బు బాగా బయటికి వచ్చిన చోట నిలువు హ్యాండిళ్లతో నోడ్ పెడితే గుమ్మటం నిలబడుతుంది, లేకపోతే వంకాయలా ఒకపక్క జారుతుంది.

సగం గీశాక కాపీ చేసి అద్దంలోలా తిప్పి పక్కన పెట్టండి. రెండు సగాల కొనలు ఒకే చోట కూర్చున్నంత మాత్రాన ఒకటైపోవు. ఆ రెండు నోడ్లనీ ఎంచుకుని జాయిన్ చేయాలి. అది మర్చిపోతే రంగు నింపినప్పుడు నడిమధ్యలో వెంట్రుకంత తెల్ల గీత కనిపిస్తుంది, అది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియక టెన్షన్ మొదలవుతుంది.

ఆకారాల్ని కలపడం, కోసేయడం ఇంకో ముఖ్యమైన పని. సున్నకే మళ్లీ వద్దాం. పెద్ద వృత్తంలోంచి చిన్న వృత్తాన్ని తీసేస్తే సున్న. చిన్న వృత్తానికి తెల్ల రంగు వేసి పైన పెట్టినా కంటికి అలాగే కనిపిస్తుంది కానీ పసుపు బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టగానే బండారం బయటపడుతుంది.

తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కు ఒకటుంది. పాత డీటీపీ ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు చాలావరకు విడివిడి ముక్కలు. పక్కపక్కన చేరినప్పుడు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ప్రింటులో అంతా నలుపే కాబట్టి ఎవరికీ తెలియదు. ప్లాటర్ మాత్రం ఒక్కో ముక్క అంచునీ విడిగా కోస్తుంది. ‘శ్రీ’లో క్రావడి శరీరం మీదికి ఎక్కిన చోట బ్లేడు అక్షరం మధ్యలోంచే పోతుంది, స్టిక్కర్ పీకేటప్పుడు అక్షరం ముక్కలై చేతికొస్తుంది. అందుకే రేడియం షాపుల్లో కోతకి ముందు అన్నిటినీ ఎంచుకుని వెల్డ్ చేస్తారు. వెల్డ్ అంటే లోపలి అంచులన్నీ చెరిపేసి చుట్టూ ఒకే గీత మిగల్చడం. ఇలస్ట్రేటర్, ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఇదే పనిని వరసగా యునైట్, యూనియన్ అంటారు.

సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇలస్ట్రేటర్ 1987లో, కోరల్ డ్రా 1989లో వచ్చాయి, రెండూ డబ్బు పెట్టి కొనాల్సినవి. మన ప్రింటింగ్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది కోరలే. ఇంక్‌స్కేప్ 2003 నుంచి ఉచితం, నేర్చుకోవడానికి అది చాలు. ఒక్క జాగ్రత్త, కోరల్‌లో కంట్రోల్, ఎల్ నొక్కితే ఆకారాలు కంబైన్ అవుతాయి, ఇంక్‌స్కేప్‌లో అవే రెండు నొక్కితే నోడ్లు తగ్గించే సింప్లిఫై పనిచేసి బొమ్మ మెత్తబడుతుంది. ఒకటి వాడి ఇంకోదానికి మారినవాళ్లకి ఇది కొన్నాళ్లు చికాకే.

ఫొటో నుంచి వెక్టర్‌ని దానంతటదే తీసే ట్రేస్ సదుపాయం అన్నిట్లో ఉంది. తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో వేసిన సంతకం లాంటివాటికి బాగా పనికొస్తుంది. నీడలు, వెలుగులు ఉన్న ఫొటోకి వాడితే వందల కొద్దీ నోడ్ల ముద్ద వస్తుంది, దాన్ని సరిచేసే టైములో చేత్తో రెండుసార్లు గీయొచ్చు. నేర్చుకునే రోజుల్లో దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక ఫైలు షాపుకి పంపే ముందు పని. పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాల్ని కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే ‘శుభలేఖ’ ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అందుకని అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చి పంపుతారు, కోరల్‌లో అయితే కంట్రోల్, క్యూ. మార్చాక అవి అక్షరాలు కావు, నోడ్లున్న ఉత్త ఆకారాలు. ఏ కంప్యూటర్‌లోనైనా అలాగే తెరుచుకుంటాయి, కానీ దిద్దడానికి వీలుండదు. మామూలు ఫైలు మీ దగ్గర ఉంచుకుని, కర్వ్స్ చేసిన కాపీని మాత్రమే పంపండి. పెళ్లి పత్రిక అయితే కర్వ్స్ చేయకముందే ఇంట్లో పెద్దవాళ్ల చేత పేర్లన్నీ ఒకసారి చదివించండి. మేనమామ పేరులో దీర్ఘం తప్పిందని ఆ తర్వాత తెలిస్తే మళ్లీ టైపు చేసుకోవాల్సిందే.