“మావాడు డైలాగులు అదరగొడతాడు సార్!”

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే తల్లిదండ్రుల నుంచి ఇదే ఫోన్. డైలాగులు బాగా రాస్తాడు కాబట్టి థియేటర్ ఆర్ట్స్‌లో చేరిస్తే నాటక రచయిత అయిపోతాడని వాళ్ల లెక్క. నాటక రచన పాఠాలు చెప్పేవాడిగా నాలుగు మాటలు చెప్పాలి.

అపోహ: నాటకం అంటే డైలాగులే.

పిల్లల్ని ఎక్కువగా ముంచేది ఇదే. పంచ్ డైలాగుల నోట్‌బుక్కుతో వస్తారు. మొదటి స్క్రిప్ట్ రీడింగ్‌లో “సీన్‌లో ఏమీ జరగడం లేదు” అనగానే ముఖం మాడ్చుకుంటారు. కొందరు కోర్సే మానేస్తారు.

పద్యనాటకాల్లో వన్స్‌మోర్‌లు పద్యాలకే పడ్డాయి కదా అంటారు. నిజమే. కానీ తిరుపతి వేంకట కవుల “బావా ఎప్పుడు వచ్చితీవు” పద్యం ఎక్కడ వస్తుందో చూడండి. కృష్ణుడు దొంగనిద్రలో ఉన్నాడు. దుర్యోధనుడు తల దగ్గర, అర్జునుడు కాళ్ల దగ్గర. లేవగానే ముందు కనిపించేది ఎవరు? ఎవరెక్కడ కూర్చున్నారన్న దానిమీదే యుద్ధంలో కృష్ణుడి సాయం ఎవరికన్నది ఆధారపడి ఉంది. పద్యం మొదలయ్యేసరికే నాటకం సగం నడిచిపోయింది.

ఒకమ్మాయి అన్నాచెల్లెళ్ల ఆస్తి గొడవ మీద సీన్ రాసింది. ప్రతి లైనుకూ చప్పట్లు పడేలా ఉంది. మాటలు తీసేసి ఆడమన్నాం. ఇద్దరూ కుర్చీల్లో అలాగే కూర్చుండిపోయారు, చేయడానికి ఏమీ లేదు మరి. పాపం, కళ్లనీళ్లు పెట్టుకుంది. తిరగరాసిన సీన్‌లో అన్న కాగితాల మీద సంతకం కోసం వస్తాడు, చెల్లెలు పెన్ను వెతుకుతున్నట్టు ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది. సగం డైలాగులు ఎగిరిపోయాయి. వాటి గురించి ఎవరూ అడగలేదు.

అపోహ: రాయడం పుట్టుకతో రావాలి, నేర్పితే రాదు.

‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి మళ్లీ అచ్చు వేయించారు. మనమిప్పుడు నెత్తిన పెట్టుకుంటున్నది ఆ రెండో కూర్పునే. మరి మొదటి డ్రాఫ్ట్ బాగా రాలేదని మీకెందుకంత టెన్షన్? క్లాసులో మేము నేర్పేది ఎక్కువగా ఈ తిరగరాయడమే. ఈ పాత్రకు ఇప్పుడు ఏం కావాలి, అడ్డు ఎవరు, సీన్ అయ్యేసరికి ఏం మారింది? విసుగు పుట్టేదాకా ఇవే అడుగుతాం.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఈ కోర్సు సినిమాకి దగ్గరి దారట. ఆ దారి మా దగ్గర లేదు, ఉందని డబ్బులు గుంజేవాళ్లను నమ్మకండి. ఎమ్మే తెలుగు చేసినవాళ్లకే సీటు అన్నది ఉత్త పుకారు. మా క్లాసులో ఇంజనీరింగ్ వాళ్లూ కూర్చున్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ, తెలుగు యూనివర్సిటీ, ఎక్కడికక్కడ నోటిఫికేషన్ చదువుకోండి, వాట్సాప్ ఫార్వర్డులు కాదు. ఉద్యోగాల మాటకొస్తే తక్కువే, దాచను. అయితే లెక్చరర్ ఉద్యోగాలకూ పరిశోధనకూ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో రంగస్థలానికి సబ్జెక్టు ఉంది, అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీలో ఐదేళ్ల వరకు ఇంట్లో చేయి చాచక్కర్లేదు. భయపడే అమ్మానాన్నలకు ముందు ఈ సంగతి చెప్పండి.

ఇంటర్వ్యూకి వచ్చేలోపు ఒక నాటకమైనా చూసి రండి. రవీంద్రభారతిలోనో, మీ ఊరి నాటక పరిషత్తు పోటీల్లోనో, ఎక్కడైనా సరే. యూట్యూబ్‌లో చూసింది లెక్కలోకి రాదు.