ఎండిన నాచులో ఒక సొరంగం

మే నెలలో మేడ మీదికి వెళ్లి పిట్టగోడను ఒకసారి చూడండి. వానాకాలంలో పచ్చ మఖమలు పరిచినట్టున్న నాచు ఇప్పుడు నల్లగా, పెంకు కట్టినట్టు ఉంటుంది. గోటితో గీరితే పొడి రాలుతుంది. దాని మీద నాలుగు చెంచాల నీళ్లు పోసి అక్కడే కాసేపు కూర్చోండి. ముడుచుకున్న ఆకులు మెల్లగా విచ్చుకుంటాయి, చూస్తుండగానే పచ్చదనం తిరిగొస్తుంది. (చెరువు నీళ్ల మీద తేలేదాన్ని కూడా మనం నాచే అంటాం. అది శైవలం, దాని సంగతి వేరు. నేను చెప్పేది గోడ మీద పెరిగే చిట్టి ఆకుల మొక్క గురించి.)

ఈ మొక్కకు నీళ్లు పీల్చే అసలైన వేళ్లు లేవు. ఆకు చాలావరకు ఒక్క కణం మందమే. నీటిని దాచుకునే చోటే లేదు కాబట్టి, గాలి ఎండితే తనూ ఎండిపోతుంది. చైనాలోని గుర్బన్‌తుంగుట్ ఎడారిలో పెరిగే సింట్రికియా కేనినెర్విస్ అనే నాచు, కణాల్లోని నీటిలో 98 శాతానికి పైగా పోగొట్టుకున్నా, తడి తగిలిన కొన్ని సెకన్లలోనే తేరుకుంటుందని 2024లో అక్కడి శాస్త్రవేత్తలు చూపించారు.

నీళ్లు పోవడం ఒక ఎత్తు, పోయేటప్పుడు కణంలో పుట్టే విషం మరో ఎత్తు. ఆకు ఎండుతున్నా దాని మీద ఎండ పడుతూనే ఉంటుంది, పత్రహరితం వెలుగును పట్టుకుంటూనే ఉంటుంది. వాడుకునే దారి లేని ఆ శక్తి ఆక్సిజన్ మీదికి మళ్లి దాన్ని రెచ్చగొడుతుంది. ఆ ఆక్సిజన్ కణం పొరల్లోని కొవ్వును పాడుచేస్తే ఆల్డిహైడ్లు అనే రసాయనాలు పుడతాయి. అవి ప్రోటీన్లకూ డీఎన్‌ఏకూ జిగురులా అంటుకుపోతాయి. మందు తాగినవాళ్ల ఒంట్లో తయారయ్యేది కూడా ఒక ఆల్డిహైడే. దాన్ని ఆమ్లంగా మార్చి వదిలించే ఎంజైమ్ మన కాలేయంలో ఉంది. తూర్పు ఆసియాలో చాలామందికి అది పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది, అందుకే ఒక్క గ్లాసుకే మొహం కందిపోతుంది.

నాచులోనూ ఇదే కుటుంబానికి చెందిన ఎంజైమ్ ఉంది. పేరు ఏఎల్‌డీహెచ్21. ఎండిపోవడాన్ని తట్టుకునే టార్టులా రూరాలిస్ అనే నాచులో అమెరికా శాస్త్రవేత్తలు దీని జన్యువును గుర్తించి 2002లో ప్రకటించారు. మొక్క ఎండే కొద్దీ ఈ జన్యువు చురుకు పెరుగుతుంది. కొన్ని శైవలాల్లో, నాచుల్లో, ఫెర్నుల్లో ఉన్న ఈ జన్యువు పూలు పూసే మొక్కల్లో లేదు. వరిలో లేదు, వేపలో లేదు.

ఇంతకీ ఇది చేసే పనేమిటి? ఫిస్కోమిట్రెల్లా అనే ప్రయోగశాల నాచుకు చెందిన ఈ ప్రోటీన్‌ను స్ఫటికాలు కట్టించి, వాటి మీదికి ఎక్స్‌రేలు పంపి దీని ఆకారాన్ని తేల్చారు. ఆ వివరాలు 2017లో వచ్చాయి. ఒకేలాంటి నాలుగు ముక్కలు రెండేసి జతలుగా అతుక్కుని ఉంటాయి. ఒక్కో ముక్కలో ఒక సన్నని సొరంగం. దాని లోపల గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కాచుకుని ఉంటుంది. ఆల్డిహైడ్ లోపలికి రాగానే సిస్టీన్ దాన్ని పట్టుకుంటుంది. పక్కనున్న సహాయక అణువు అందులోంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. తర్వాత నీటి అణువు వచ్చి ఆ పట్టు విడిపిస్తుంది. బయటికి వెళ్లేది ఆమ్లం.

ఏ ఆల్డిహైడ్ పడితే అది ఈ సొరంగంలో కుదరదు. దీనికి నప్పేది నాలుగు కార్బన్ల సక్సినిక్ సెమీఆల్డిహైడ్. దానికి ఒక కొసన ఆల్డిహైడ్, రెండో కొసన రుణావేశం ఉన్న ఆమ్లపు తోక. ధనావేశం ఉన్న రెండు ఆర్జినిన్లు (ఇవీ అమైనో ఆమ్లాలే) ఆ తోకను గట్టిగా పట్టుకుంటే, తల సరిగ్గా సిస్టీన్ ముందుకొస్తుంది. ఈ సెమీఆల్డిహైడ్ మన మెదడుకూ కొత్త కాదు. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం విరిగినప్పుడు పుట్టేది ఇదే; నాచులోనూ ఇది వచ్చేది కొవ్వు నుంచి కాదు, గాబా నుంచే. దాన్ని వదిలించే ఎంజైమ్ లోపించి పుట్టిన పిల్లల్లో ఎదుగుదల ఆలస్యమవుతుంది, కొందరికి మూర్ఛలు వస్తాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ సహాయక అణువు సంగతి. దీనికి దగ్గరి చుట్టమైన ఎంజైమ్ కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండి, ఎన్‌ఏడీ అనే సహాయక అణువును వాడుకుంటుంది. నాచు ఎంజైమ్ మాత్రం కణద్రవంలో ఉంటుంది, దానికి కావలసింది ఎన్‌ఏడీపీ. ఈ రెండు అణువులకూ తేడా ఒక్క ఫాస్ఫేట్ ముక్క, అంతే. నాచు ఎంజైమ్‌లో ఆ ఫాస్ఫేట్‌కు కుదురైన చోటుంది. హైడ్రోజన్ అందుకున్న ఎన్‌ఏడీపీ కాస్తా ఎన్‌ఏడీపీహెచ్ అవుతుంది. రెచ్చిపోయిన ఆక్సిజన్‌ను అణచడానికి కణం ఖర్చుపెట్టే నాణెం అదే. అంటే విషం పోతూ పోతూ చేతిలో కాస్త చిల్లర పెట్టి పోతుందన్నమాట.

చైనా ఎడారి నాచులోని ఈ జన్యువును శాస్త్రవేత్తలు పత్తి మొక్కలోకి ఎక్కించి చూశారు. గ్రీన్‌హౌస్‌లోనూ, పొలంలోనూ ఆ మొక్కలు మామూలు పత్తికన్నా బెట్టను బాగా తట్టుకున్నాయి. వానను నమ్ముకుని పత్తి పెట్టే ఆదిలాబాద్ రైతు చెవిన పడితే ఎప్పుడొస్తుందని అడిగే కబురే ఇది. కానీ ఈ విత్తనం మన బజారులో లేదు. పైగా నాచుకు ఇదొక్కటే ఆయుధం కాదు. ఎండేటప్పుడు అది చక్కెరలు పోగేసుకుంటుంది, పొరలను కాపాడే వేరే ప్రోటీన్లూ తయారుచేసుకుంటుంది. ఒక్క జన్యువు అందుకున్నంత మాత్రాన పత్తి మొక్క పిట్టగోడ మీది నాచులా నల్లగా ఎండి, మళ్లీ లేచి కూర్చోదు.