రీలోడింగ్‌కు మొదటి ఖర్చు త్రాసు మీద పెట్టండి

అమెరికాలో రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్న మనవాళ్లు రేంజ్‌లో కాల్చిన తూటాల ఇత్తడి కేసులు (ఖాళీ గొట్టాలు) ఏరి తెచ్చుకున్నాక అడిగే మొదటి ప్రశ్న "ఏ ప్రెస్ కొనాలి?" అని. రీలోడింగ్ అంటే ఆ ఖాళీ కేసులో కొత్త ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న మూత), పౌడర్ (మందు), బుల్లెట్ (దూసుకుపోయే గుండు) పెట్టి మళ్లీ తూటా చేసుకోవడం. ఆ పనికి హ్యాండిల్‌తో నొక్కే యంత్రమే ప్రెస్. ప్రెస్ బలం చూపిస్తుంది, ప్రాణం కాపాడేవి కొలత పరికరాలు. కొత్తవాళ్లకు నేను పదేపదే చెప్పేది ఇదే. ఇది పూర్తిగా అమెరికా సంగతి. ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

అపోహ: ఇంట్లో చేసుకునే పనికి చట్టంతో సంబంధం లేదు.

సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే టైప్ 06 లైసెన్స్ కావాలి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు తుపాకీయే కాదు, తూటా దగ్గర ఉంచుకోవడం కూడా నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగాకే పరికరాల జోలికి వెళ్లండి.

అపోహ: ప్రోగ్రెసివ్ ప్రెస్ కొంటే మళ్లీ మార్చుకునే పనుండదు.

ఎక్కువ నష్టం చేసే సలహా ఇదే. ప్రోగ్రెసివ్‌లో హ్యాండిల్ లాగిన ప్రతిసారీ నాలుగైదు కేసుల మీద నాలుగైదు పనులు ఒకేసారి జరుగుతాయి. ప్రైమర్ సరిగ్గా కూర్చుందా, పౌడర్ పడిందా, రెండుసార్లు పడిందా అన్నీ కొత్త కళ్లు ఒకేసారి చూడలేవు. 9 ఎంఎం కేసులో త్వరగా మండే పౌడర్ పట్టేది కొంచెమే. రెండింతలు పడినా చాలాసార్లు బయటికి పొంగదు. అలాంటి తూటా పేలితే పిస్టల్ చేతిలోనే పగిలిపోవచ్చు. అసలు పౌడరే పడకపోతే ప్రైమర్ దెబ్బకు బుల్లెట్ బారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. అది గమనించక ఇంకోటి పేలిస్తే బారెల్ చీలవచ్చు.

సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒక్కో పని విడిగా జరుగుతుంది. పౌడర్ పోసిన కేసులన్నీ లోడింగ్ బ్లాక్‌లో (గుంతలున్న పలక) నిలబెట్టి, టార్చ్ వేసి ప్రతి కేసులోకీ చూసి, ఆ తర్వాతే బుల్లెట్లు కూర్చోపెట్టవచ్చు. నెమ్మదే, కాదనను. కానీ మొదటి ఏడాది మీకు కావాల్సింది ఆ నెమ్మదే. తర్వాత ప్రోగ్రెసివ్ కొన్నా ఈ ప్రెస్ మూలన పడదు.

అపోహ: డిజిటల్ త్రాసు తప్పు చెప్పదు.

పౌడర్ తూచడానికి మన కొలత గ్రెయిన్. పౌండుకు 7000 గ్రెయిన్లు, అంటే ఒక్కోటి సుమారు 65 మిల్లీగ్రాములు. ఇంత చిన్న తూకాన్ని ఏసీ గాలి, స్టాటిక్, బ్యాటరీ నీరసం ఏదైనా చెడగొట్టగలదు. బీమ్ త్రాసు ఆలస్యం చేస్తుంది కానీ దానికి కరెంటుతో పనిలేదు. ఏది కొన్నా చెక్ వెయిట్లు (కచ్చితమైన బరువున్న తూకపు రాళ్లు) తప్పనిసరి. కూర్చున్న ప్రతిసారీ ముందు వాటితో సరిచూసుకోండి. పౌడర్‌ను కేసుల్లోకి కొలిచి పోసే పౌడర్ మెజర్ పోసేది బరువును బట్టి కాదు, పరిమాణాన్ని బట్టి. అందుకే మధ్యమధ్యలో తూచాల్సిందే.

అపోహ: కిట్‌లో అన్నీ వస్తాయి.

లీ, ఆర్‌సీబీఎస్, హార్నడీ కంపెనీల కిట్లు మంచివే. అయినా మీ క్యాలిబర్ (తూటా సైజు) డైలు (ప్రెస్‌లో బిగించి కేసుకు ఆకారం ఇచ్చే అచ్చులు), కాలిపర్ (పొడవు కొలిచే పరికరం), చెక్ వెయిట్లు చాలా కిట్లలో ఉండవు. కాలిపర్ లేకుండా తూటా పొడవు తెలియదు. బుల్లెట్ మరీ లోపలికి దిగితే ప్రెజర్ పెరుగుతుంది. ఏ బుల్లెట్‌కు ఎంత పౌడరో చెప్పే తాజా లోడింగ్ మాన్యువల్ కూడా కొనండి. అందులో కనీస లోడ్ (పౌడర్ మోతాదు) దగ్గరే మొదలుపెట్టండి. ఆన్‌లైన్‌లో ఎవరో రాసిన అంకెను నమ్మొద్దు.

అపోహ: కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) డై ఉంటే లూబ్ (జారుడు కోసం రాసే పూత) అక్కర్లేదు.

నిటారు గోడల పిస్టల్ కేసులకు నిజమే. .308 రైఫిల్ తూటా లాంటి, పైన సన్నబడి మెడ ఉన్న కేసుకు లూబ్ రాయకపోతే డైలో ఇరుక్కుపోతుంది.

అపోహ: డబ్బు బాగా మిగులుతుంది.

9 ఎంఎంలో మిగిలేది తక్కువ, పరికరాల ఖర్చు తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది. మీ రైఫిల్‌కు సరిపడేలా లోడ్ కుదుర్చుకోవడంలోనే అసలు లాభం ఉంది.

కేసులు శుభ్రం చేసే టంబ్లర్ గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతున్నాను. చాలా ప్రైమర్లలో సీసం ఉంటుంది. పొడి టంబ్లర్ దుమ్ములోకి అది చేరుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో స్టీల్ పిన్నులతో నీళ్లలో తిప్పే రకం తీసుకోండి. ఆ నీళ్లు వంటింటి సింక్‌లో పోయకండి. బెంచ్ దగ్గర ఏమీ తినకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి.