పాత కార్ రేసుల ఫుటేజీ: అపోహలు - వాస్తవాలు

పాత రీళ్లను శుభ్రం చేసి స్కాన్ చేయడం నా పని. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసు పాత వీడియోలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతున్నాయి. చూసినప్పుడల్లా సంతోషమే. కానీ తప్పు సంవత్సరం, తప్పు శబ్దంతో అవే చేతులు మారుతుంటే బాధేస్తుంది. ప్రాణాలకు తెగించి నడిపినవాళ్ల రికార్డు అది.

అపోహ: టైటిల్‌లో ఉన్న సంవత్సరం కరెక్టే.

వాస్తవం: టైటిల్ పెట్టేది అప్‌లోడ్ చేసినవాళ్లు. సంవత్సరాన్ని బొమ్మలోనే వెతకాలి. ముందు స్టార్ట్ చూడండి. డ్రైవర్లు రోడ్డు దాటి పరుగెత్తి కార్లలోకి దూకుతున్నారంటే అది 1969 లేదా అంతకు ముందుది. ఆ పద్ధతి ప్రమాదకరమని 1969లో జాకీ ఇక్స్ అనే డ్రైవర్ పరుగెత్తకుండా నడిచి వెళ్లి, బెల్టు బిగించుకుని అందరికంటే చివర బయల్దేరాడు. మొదటి ల్యాప్‌లోనే (ట్రాక్ చుట్టూ మొదటి చుట్టులోనే) జాన్ వుల్ఫ్ అనే డ్రైవర్ ప్రమాదంలో చనిపోయాడు. చివరికి గెలిచింది ఇక్స్, జాకీ ఆలివర్ జంటే. 1970లో డ్రైవర్లు ముందే బెల్టు పెట్టుకుని కార్లలో కూర్చున్నారు. పిట్స్‌కు (ఇంధనం, టైర్ల కోసం కార్లు ఆగే చోటుకు) ముందు ఫోర్డ్ షికేన్ (వేగం తగ్గించడానికి పెట్టిన వంకర మలుపు) కనిపిస్తే 1968 లేదా ఆ తర్వాతది. ముల్సాన్ స్ట్రెయిట్ అనే పొడవాటి తిన్నని రోడ్డు మీద షికేన్లు ఉంటే 1990 కంటే పాతది కాదు.

అపోహ: 1970 పేరుతో ఉన్న కలర్ క్లిప్పులన్నీ అసలు రేసువే.

వాస్తవం: చాలావరకు హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ నటించిన ‘లె మాన్’ సినిమాలోవి. చిక్కేమిటంటే, అందులో అసలు రేసు కూడా ఉంది. సినిమావాళ్లు కెమెరాలు బిగించిన 29వ నంబరు పోర్షే 908ని రేసులోనే దింపారు. నడిపినవాళ్లు హెర్బర్ట్ లింగే, జొనాథన్ విలియమ్స్. రీళ్లు మార్చడానికి మాటిమాటికీ పిట్‌లో ఆగడంతో సరిపడా దూరం తిరగలేకపోయారు, ఫలితాల్లో స్థానం దక్కలేదు. రేసు అయ్యాక అదే ట్రాక్ మీద నెలల తరబడి షూటింగ్ జరిగింది. ఒకే ప్రమాదాన్ని స్లో మోషన్‌లో నాలుగైదు వైపుల నుంచి చూపిస్తే అది షూటింగే అనుకోండి.

అపోహ: వినిపించే ఇంజిన్ శబ్దం ఆ కారుదే.

వాస్తవం: అప్పటి న్యూస్‌రీళ్లలో చాలా భాగం శబ్దం లేకుండా తీసినవే. ఎడిటింగ్‌లో దగ్గరున్న సౌండ్ ఏదో ఒకటి కలిపేవారు. అందుకే 1966లో గెలిచిన ఫోర్డ్ 7 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కారు వెళ్తుంటే, ఒక్కోసారి సన్నగా అరిచే వేరే ఇంజిన్ వినిపిస్తుంది. మలుపు దగ్గర చెవి పెట్టండి. కారు బ్రేకు వేసి వేగం తగ్గినా శబ్దం అదే ఊపులో సాగితే అది అతికించినదే.

అపోహ: అప్పటి మనుషులు, కార్లు అంత హడావుడిగా కదిలేవి.

వాస్తవం: పాత 8 ఎం.ఎం. ఫిల్మును సాధారణంగా సెకనుకు 16 ఫ్రేముల చొప్పున తీసేవారు. దాన్ని 24తో నడిపితే ఒకటిన్నర రెట్లు వేగం. కారును కాదు, పక్కన నడిచే మెకానిక్‌ను చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది.

అపోహ: ఏఐతో 4కే, 60 ఫ్రేములు చేస్తే అసలు బొమ్మ బయటికొస్తుంది.

వాస్తవం: లేని ఫ్రేములను అది ఊహించి చేరుస్తుంది. తలుపు మీది నంబరును ఫ్రేము ఫ్రేముగా ఆపి చూస్తే 3 కాస్తా 8లా మారుతుంది. గ్రెయిన్ (ఫిల్ము మీద కనిపించే సన్నటి చుక్కలు) తుడిచేస్తే డ్రైవర్ ముఖం మైనపు బొమ్మలా అవుతుంది. అసలు నెగెటివ్ నుంచి మంచి స్కాన్ చేయడమే నా దృష్టిలో సరైన దారి.

అపోహ: స్కాన్ అయ్యాక రీలు పారేయొచ్చు.

వాస్తవం: దయచేసి పారేయకండి. రేపు ఇంకా మంచి స్కానర్ వస్తుంది. మద్రాసు దగ్గర షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగిన రేసుల 8 ఎం.ఎం. రీళ్లు మీ ఇంటి అటక మీద కూడా ఉండొచ్చు. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్ము పాడవడం మొదలైనట్టే. దాన్ని మిగతా రీళ్ల నుంచి వేరు చేసి, చల్లగా, పొడిగా ఉండే చోట పెట్టి త్వరగా స్కాన్‌కు ఇవ్వండి. ప్రొజెక్టర్‌లో మాత్రం వేయొద్దు. కుంచించుకుపోయిన ఫిల్ము అంచు రంధ్రాల దగ్గర చిరిగిపోతుంది. డబ్బా మీద చేత్తో రాసిన చీటీ ఉంటే దాన్నీ ఫొటో తీసి స్కాన్‌తో పాటే దాచండి.